నెల సరుకుల ఖర్చు 19 వేలు దాటింది. మెల్లగా 14 వేలకు తేవడం అయ్యే పనేనా?

నిజాంపేట టీచరమ్మ

అందరికీ నమస్కారం. మేం ఉండేది హైదరాబాదు నిజాంపేటలో. నేను, మావారు, ఇద్దరు పిల్లలు (ఎనిమిది, నాలుగు తరగతులు), మా అత్తయ్య. వచ్చే జూన్ నుంచి పెద్దాడి ఫీజు పెరుగుతోంది. ఇంటి లోను వాయిదా ఎలాగూ ఉంది. జీతాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కోత పెట్టాలంటే సరుకుల దగ్గరే పెట్టాలని మావారి తీర్మానం. సరేనని పోయిన నెల ఫోన్ చెల్లింపులన్నీ ముందేసుకుని లెక్క రాశాను.

బియ్యం 26 కిలోల బస్తా 1,550
పాలు (వెన్న తీయనివి, రోజుకు రెండు లీటర్లు) 4,300
కూరగాయలు, పళ్ళు 2,800
చికెన్, గుడ్లు 1,800
నెల మొదట్లో సూపర్‌మార్కెట్ బిల్లు (నూనె, పప్పులు, నెయ్యి, సబ్బులు) 5,300
పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్ 3,300

మొత్తం 19,050. ఆ ఆఖరి అంకె చూసి మావారు నా వైపు చూశారు, నేను మా పెద్దాడి వైపు చూశాను, వాడు ఫోన్ వైపు చూశాడు.

14 వేలకు తేవాలని మా ఇద్దరి కోరిక. షరతులు మూడు. అత్తయ్య కాఫీ జోలికి వెళ్ళకూడదు. ఆదివారం చికెన్ ఉండాలి. బియ్యం రకం మార్చకూడదు. కూపన్లు, క్యాష్‌బ్యాక్‌ల సంగతి మాత్రం చెప్పకండి. వాటి కోసం ఇంకో నాలుగు వస్తువులు కొనేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

కూకట్‌పల్లి బ్యాచిలర్

యాప్ తీసేయండి మేడం, 3,300 మిగిలాయి. మిగతా 1,700కి చికెన్ మానేయండి. లెక్క సరిపోయింది.

నిజాంపేట టీచరమ్మ

చికెన్ మానేస్తే నన్ను మానేస్తారు బాబూ. యాప్‌లో వచ్చేది కూడా అంతా చిరుతిండి కాదు. పెరుగు, బ్రెడ్డు, కొత్తిమీర, ఒక్కోసారి ఉల్లిపాయలు కూడా అందులోంచే వస్తాయి. అవి మళ్ళీ ఎక్కడో ఒకచోట కొనాలి కదా.

మిర్యాలగూడ ఆడబిడ్డ

చెల్లె, మాది సరూర్‌నగర్. పుట్టిల్లు మిర్యాలగూడ. పెండ్లయిన కాడ్నించి పద్దు పుస్తకం రాస్తున్న. మా అత్తమ్మ పెట్టిన అలవాటు అది, అప్పట్ల తిట్టుకుంట రాసేదాన్ని. నీ లెక్క చూసి కొంచెం పెద్దగనే రాస్త, ఓపికుంటే చదువు.

నాకు తెల్సిన పద్ధతి ఒక్కటే. నెలకు ఒక్క పద్దునే పట్టుకోవాలె. అన్నీ ఒక్కసారి కోస్తే మొదటి వారం ఇంట్ల అందరు బుద్ధిమంతులే. మూడో వారం రాత్రి తొమ్మిదింటికి పిజ్జా డబ్బా వస్తది, నువ్వు పదిహేను రోజులు మిగిల్చింది దాంట్ల పోతది. ఒక్క పద్దు తగ్గిస్తే ఇంట్లోళ్ళకు తెల్వనే తెల్వది. అది అలవాటయినంక ఇంకోటి.

మొదటి నెల ఏం తగ్గించకు, ఉత్తగ రాయి. కానీ రూపాయలల్ల కాదు, కిలోలల్ల, లీటర్లల్ల రాయి. "సూపర్‌మార్కెట్ 5,300" అంటే ఏం సమజయితది? నూనె ఎంత పోయింది, కందిపప్పు ఎంత, చక్కెర ఎంత, పల్లీలు ఎంత. పక్కనే కిలో ధర. కందిపప్పు 2024ల కిలో 180 పెట్టి కొన్న, ఇప్పుడు అదే రకం 120కి వస్తున్నది. నేను చేసిన గొప్పతనం ఏం లేదు, పంట వచ్చింది, ధర దిగింది. కానీ పుస్తకం ఉంటే దుకాణపోడు ఎర్ర కాయితం అంటించి "ధమాకా" అన్న రోజు తీసి చూస్త. చానాసార్లు ఆ ధమాకా ధర మామూలు ధరే ఉంటది.

రెండో నెల యాప్. తియ్యమని నేను చెప్ప. ఫోన్ల ఉండనియ్, పిల్లగానికి జరం వచ్చిన రాత్రి పనికొస్తది. దాంట్ల ఏమేం వస్తున్నయో పోయిన నెల ఆర్డర్లు తెరిచి చూడు. రెండు రకాలుంటయ్. ఒకటి, మనం మర్చిపోయినవి: కొత్తిమీర, పచ్చిమిర్చి, పెరుగు, బ్రెడ్డు. రెండోది, మర్చిపోయినదాని కోసం పొయ్యి తగిలించుకున్నవి. పెరుగు ముప్పై అయిదు రూపాయలు, డెలివరీ చార్జీ తప్పించుకోవాలంటే ఇంత బిల్లు కావాలె అంటడు, అప్పుడు చిప్సు, చాక్లెట్, ఒక జ్యూసు. ముప్పై అయిదుకు పొయ్యినోళ్ళం రెండొందలు ఇచ్చి వస్తం. నీ 3,300ల సగానికి ఎక్కువ ఈ రెండో రకమే ఉంటది, చూసుకో.

కాబట్టి మర్చిపోకుండ చేసుకుంటే చాలు, తగిలించుకునేది దానంతట అదే పోతది. మా ఫ్రిజ్ తలుపుకు ఒక కాయితం ఉంటది, దారంతోని పెన్సిల్ కట్టి. అయిపోయినది రాయొద్దు, అయిపోవస్తున్నది రాయాలె. ఉప్పు డబ్బా అడుగు కనవడ్డదా, రాయి. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి ఆ కాయితం పట్టుకొని పోతం, మళ్ళ నడుమ ఏం కొనం. కొత్తిమీర నిలువ ఉండదు అంటరు. వేర్లు కోసి, తడి లేకుండ ఆరబెట్టి, పాత పత్రికల చుట్టి డబ్బాల పెడితే వారం పచ్చగ ఉంటది. కడిగి పెట్టినవా, మూడోనాడే నల్లబడ్తది. పచ్చిమిర్చి తొడిమలు తీసి పొడి డబ్బాల వెయ్యి, తొడిమ దగ్గర్నించే అవి కుళ్ళుడు మొదలయితది.

మూడో నెల పాలు. మీ అత్తమ్మ కాఫీ జోలికి నేను కూడ పోను. రెండు లీటర్లూ వెన్న తీయనివే ఎందుకు అన్నది నా ప్రశ్న. ప్యాకెట్ మీద చూడు, వాటిల 6 శాతం వెన్న. టోన్డ్ పాలల్ల 3 శాతం. లీటరు మీద పది పన్నెండు రూపాయల తేడా. ఒక లీటరు వెన్న పాలు కాఫీకి, పిల్లల గ్లాసుకు. ఒక లీటరు టోన్డ్ తోడుకు. టోన్డ్ పాల పెరుగు పల్చగ ఉంటదని భయపడకు, పొంగు వచ్చినంక సన్నమంట మీద ఇంకో పది నిమిషాలు కాగనిచ్చి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడి మీద తోడెయ్యి. ఇగ ఆ వెన్న పాల మీగడ రోజూ తీసి గిన్నెల పోగెయ్యి, దాంట్ల చెంచా పెరుగు కలిపి ఫ్రిజ్‌ల పెట్టు. ఆదివారం చిలికితే వెన్న. నెలకు అరకిలోకు అటు ఇటుగ నెయ్యి వస్తది. కొనే నెయ్యి సీసా చిట్టీలకెళ్ళి కొట్టెయ్యి.

నాలుగో నెల కూరగాయలు. మీకు కేపీహెచ్‌బీ రైతు బజార్ దగ్గర కదా. రైతు బజార్లు 1999ల పెట్టినప్పటి నుంచి నేను పోతున్న, మాది సరూర్‌నగర్ది. గేటు కాడ ధరల బోర్డు ఉంటది, లోపలికి పొయ్యేముందు ఫోన్ల ఫోటో తీస్కో. లోపల రెండు వరుసలు తిరిగేసరికి బెండకాయ ఎంత రాసిందో యాదికుండదు, అమ్మేటోళ్ళు ఐదు ఎక్కువ చెప్తరు. ఫోన్ తీసి చూపెడితే ఏం అనరు, నవ్వి బోర్డు ధరకే ఇస్తరు. గేటు బయట కుప్పలు పోసుకొని కూసునేటోళ్ళకు ఆ బోర్డు లెక్కకు రాదు, అది వేరే సంగతి.

ఏది ఎంత కొనాలె అన్నది ఇంకో పెద్ద ముచ్చట. గల్లీ బండి మీద పావుకిలో పావుకిలో కొంటే ప్రతిదానికి రెండు మూడు రూపాయలు ఎక్కువ పడ్తది. కానీ అన్నీ కిలో తెస్తే సగం కుళ్ళిపోతది. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ, దోసకాయ, గుమ్మడికాయ కిలోలల్ల తెచ్చుకో. ఆకుకూర రెండు కట్టలు. బెండకాయ అరకిలో, కొన ఇరిచి చూసి. పెళుసుగ తెగితే తీస్కో, వంగితే ముదిరింది. ఎక్కువ ఇరవనియ్యరు, ఒకటి రెండు చాలు. ఇంటికొచ్చినంక వండే వరుస కూడ ముఖ్యమే. మొదటి రెండు రోజులు పాలకూర, తోటకూర, పుంటికూర. తర్వాత బెండ, బీర, చిక్కుడు. క్యాబేజీ, దోసకాయ, ఆలుగడ్డ ఆఖరుకు. మా చిన్నకోడలు దీని ఉల్టా చేసేది, ఆలుగడ్డ ఫ్రై ముందు, పాలకూర శుక్రవారం చెత్తబుట్టల. మంచి పిల్లనే, కానీ పాలకూర విషయంల మాత్రం మా ఇద్దరికి పడలే.

టమాట గురించి కూడ చెప్తా. చలికాలంల కిలో పది పదిహేనుకు దిగుతది. 2023 జులైల అదే టమాట నూట యాభై దాటింది, యాదికున్నదా? జనవరి, ఫిబ్రవరిల ఐదారు కిలోలు తెచ్చి నిలువ తొక్కు పెట్టు. వానాకాలంల టమాట ఎక్కినప్పుడు పప్పుల చింతపండు వేస్తవు, పక్కకు తొక్కు ఉంటది, టమాట ఎంత అయినా మనకు పట్టదు.

చికెన్, బియ్యం నేను ముట్టుకోలే, చూస్తున్నవు కదా.

గచ్చిబౌలి వర్క్ ఫ్రమ్ హోం

పెద్దమ్మా, చదవడానికి బాగుంది. కానీ ఆదివారం పొద్దున రైతు బజార్‌కు వెళ్ళి, పార్కింగ్ వెతుక్కుని, రెండు సంచులు మోసుకుని రావడానికి రెండు గంటలు. మిగిలేది ఓ నూటయాభై. పెట్రోలు పోను వంద. ఆ రెండు గంటలు నిద్రపోతే నాకు అంతకంటే లాభం.

మిర్యాలగూడ ఆడబిడ్డ

నిజమే బిడ్డా, నీకు లాభమే. నువ్వు ఒక్కనివి ఉంటవు, రెండు టమాటలు ఒక ఉల్లిగడ్డతో వారం ఎల్లిపోతది. ఐదుగురి ఇంట్ల లెక్క వేరే. అయినా ఒక మాట ఒప్పుకుంట: పోను రాను ఖర్చు పోంగ వారానికి రెండొందలు మిగలకపోతే రైతు బజార్‌కు పోవుడు దండుగ. చానా కాలనీలల్ల వారానికొక రోజు సాయంత్రం అంగడి పెడ్తరు, రోడ్డు పొడుగూత. అది నడిచిపోయే దూరంల ఉంటే అదే మేలు. ఎనిమిది దాటినంక సర్దుకునేటప్పుడు "కుప్ప ఇరవై, కుప్ప ఇరవై" అని ఒర్రుతరు. ఆకుకూరలు, వంకాయలు అప్పుడు తీస్కోవచ్చు, తెల్లారే వండేటట్టయితేనే.

ఎంవీపీ కాలనీ రిటైర్డ్

మాది వైజాగ్ అండి. మా ఇంట్లో బజారు పని నాది, వంట పని మా ఆవిడది. సాయంత్రం కుప్పల సంగతి మాత్రం నేను ఒప్పుకోను. మా ఎంవీపీ కాలనీ రైతు బజారుకు పొద్దున్నే వెళ్తాను. రైతులు తెచ్చిన తోటకూర మీద నీళ్ళు చల్లిన తడి కాదు, మంచు తడి ఉంటుంది. అది నాలుగు రోజులు ఉంటుంది. సాయంత్రం కుప్ప సగం ధరకి తెచ్చి అందులో మూడోవంతు ఏరి పారేస్తే ఏం మిగిలిందండి? పైగా అది ఆ రాత్రే వండమంటే మా ఆవిడ నన్నే వండుతుంది.

గుడ్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఎన్‌ఈసీసీ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వాళ్ళు రోజూ ముఖ్యమైన ఊళ్ళకు వంద గుడ్ల ధర ప్రకటిస్తారు, పేపర్లో వస్తుంది. అది చూసుకుని కొట్టుకు వెళ్తే వాడు గుడ్డు మీద ఎంత వేసుకుంటున్నాడో తెలిసిపోతుంది. అట్ట ముప్పై గుడ్లు ఒకేసారి తెచ్చుకోండి, విడిగా ఆరు, డజను కొనకండి. ఐదుగురున్న ఇంట్లో అట్ట ఎంత, పది రోజుల్లో చెల్లిపోతుంది. చలికాలంలో ధర ఎక్కుతుంది. కార్తీకమాసంలో మాత్రం మా చుట్టుపక్కల సగం మంది తినరు కాబట్టి కొట్టువాడు కాస్త దిగుతాడు.

హనుమకొండ కిరాణం

టీచరమ్మగారూ, నేను చాలా ఏళ్ళు కిరాణా దుకాణం నడిపి, ఈ మధ్యే మా అబ్బాయికి అప్పజెప్పాను. కౌంటర్ ఇవతలి నుంచి నాలుగు మాటలు చెప్తాను. మా వాడు ఇది చదవడని ఆశ.

చక్కెర, పామాయిల్, కందిపప్పు మీద మాకు మిగిలేది కిలోకు రూపాయో రెండో. అందరికీ వాటి ధర నోటికి తెలుసు, అందుకే ఎక్కువ వేసుకోలేం. పెద్ద మార్కెట్లవాళ్ళు వాటిని ఇంకా తగ్గించి పెడతారు. మీరు చక్కెర కోసం లోపలి దాకా నడవాలి, దారిలో బిస్కెట్లు, మసాలాలు, డ్రైఫ్రూట్లు ఉంటాయి. లాభం ఉండేది అక్కడ. జీలకర్ర 50 గ్రాముల ప్యాకెట్ 28 రూపాయలనుకోండి, కిలో 560 పడ్డట్టు. అదే మా దగ్గర లూజు పావుకిలో తూస్తే కిలో 350 లెక్కన వస్తుంది. 28 చిన్న అంకె, అందుకే ఎవరూ అడగరు. ధనియాలు, మెంతులు, ఆవాలు, ఎండుకొబ్బరి, గసగసాలు అన్నీ ఇంతే. పోపుల డబ్బా సామాను మూడు నెలలకోసారి లూజుగా కొనండి. మీ సూపర్‌మార్కెట్ బిల్లులో కనీసం మూడొందలు అక్కడే తగ్గుతాయి.

పప్పులు, బియ్యం 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం జీఎస్టీ. 2022 జులై 18 నుంచి ఈ పద్ధతి. మీ ముందు బస్తాలోంచి తూచి పోస్తే లేదు. మీ బియ్యం బస్తా 25 కాకుండా 26 కిలోలు ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? ఆ ఒక్క కిలోతో పన్ను గీత దాటిపోతుంది. కాబట్టి బియ్యం ధర అడిగేటప్పుడు బస్తా ధర అడగొద్దు, 26తో భాగించి కిలో ఎంతో చూడండి. మీది 1,550 అంటే కిలో 60కి కొంచెం తక్కువ. పాత సన్నబియ్యానికి అది మరీ ఎక్కువేం కాదు.

నూనె ప్యాకెట్ ఎత్తు చూసి లీటరు అనుకోవద్దు. లీటరు పొద్దుతిరుగుడు నూనె 910 గ్రాములు. అదే సైజు ప్యాకెట్‌లో 850, 800 గ్రాములు పోసి పది రూపాయలు తక్కువ పెడుతున్నారు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకు ఎంతో చిన్న అక్షరాల్లో వేస్తారు, కళ్ళజోడు పెట్టుకుని అది చదవండి. ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ, తలనూనెలు, బిస్కెట్లు, నెయ్యి, వీటి మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతానికి దిగింది. బట్టల సబ్బుపొడి మీద మాత్రం 18 అలాగే ఉంది. పాత ధరతో ఉన్న షాంపూ ఎక్కడన్నా కనపడితే అడగండి. మా అబ్బాయిని కూడా అడగండి.

కూకట్‌పల్లి బ్యాచిలర్

రేషన్‌లో ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్నారు కదా, మనిషికి ఆరు కిలోలు, ఉచితం. బియ్యం ఖర్చే ఉండదు.

నిజాంపేట టీచరమ్మ

మాకు తెల్లకార్డు లేదండీ. రాదు కూడా. మా పనమ్మాయి వాళ్ళకు వస్తోంది, 2025 ఉగాది తర్వాత నుంచి దొడ్డుబియ్యం మానేసి అవే వండుకుంటున్నారు, బాగున్నాయని చెప్పింది.

అక్కా, అందరూ చెప్పింది రాసుకున్నాను. ఆర్డర్ల చరిత్ర తెరిచి చూస్తే మీరన్నట్టే ఉంది. "మర్చిపోయినవి" వెయ్యి చిల్లర. మిగతాదంతా తగిలించుకున్నదే. ఒకరోజు రాత్రి పుదీనా కట్ట కోసం 240 అయింది. మళ్ళీ వచ్చి చెప్తాను.

నిజాంపేట టీచరమ్మ

మార్చి వచ్చేసింది, అప్పు తీర్చుకోవడానికి వచ్చాను.

మొదటి నెల ఊరికే రాశాను, 18,600 అయింది. ఏమీ తగ్గించకపోయినా ఎందుకు తగ్గిందో తెలియదు, రాస్తుంటే చెయ్యి కాస్త వెనక్కి వస్తుందేమో. రెండో నెల యాప్. 3,300 కాస్తా 900కి వచ్చింది, కానీ బ్రెడ్డు, పెరుగు బయట కొన్నందుకు సూపర్‌మార్కెట్ బిల్లు ఓ 600 పెరిగింది. మొత్తం 17,250. పెన్సిల్ కట్టిన కాగితం పిల్లలకు తెగ నచ్చింది. చిన్నది రోజూ "ఐస్ క్రీం అయిపోవస్తున్నది" అని రాస్తోంది. మేం ఐస్ క్రీం కొనే ఇల్లు కాదు.

మూడో నెల పాలు. టోన్డ్ పాల పెరుగు అత్తయ్య గుర్తుపట్టలేదు. నెయ్యి వాసన మాత్రం గుర్తుపట్టారు, "ఇది ఇంటి నెయ్యే" అని ఆవిడే కాచడం మొదలుపెట్టారు, నన్ను స్టవ్ దగ్గరకు రానివ్వడం లేదు. కిరాణం పెద్దాయన చెప్పినట్టు పోపు సామాను లూజుగా తెచ్చాం. మొత్తం 16,300. కూరగాయలు ఇంకా మొదలుపెట్టలేదు. 14 ఇంకా దూరంగానే ఉంది.

మిర్యాలగూడ ఆడబిడ్డ

14 అన్న అంకె ఎక్కడిది చెల్లె? మీ ఆయన గుండ్రంగ చూసి చెప్పినట్టున్నడు. ఎదిగే పిల్లలు ఇద్దరు, పెద్దమనిషి ఒకరు, ఆదివారం చికెన్. కూరగాయల మీద ఇంకో ఆరేడు వందలు, చిరుతిండ్ల మీద కొంత వస్తది. 15 వేల కాడికి వస్తె అక్కడ ఆగు. దాని కిందికి దింపాలంటే పళ్ళు, గుడ్లు కోయాలె, అవి కోయొద్దు. మిగతా వెయ్యి మీ ఆయన్ను కార్ల పెట్రోలుల వెతుక్కోమను.

ఎంవీపీ కాలనీ రిటైర్డ్

ఈ మాటకు నా ఓటు కూడా అండి. గుడ్లు కోయొద్దు.

నిజాంపేట టీచరమ్మ

మావారికి చదివి వినిపించాను. పెట్రోలు మాట దగ్గర లేచి వెళ్ళిపోయారు.

ఇంకో చిన్న సందేహం. కారం ప్యాకెట్లు కొంటున్నాం, నెలకు అరకిలో పైనే పోతోంది. ఇప్పుడు కొత్త మిరపకాయలు వస్తున్నాయి కదా, ఏడాదికి సరిపడా పట్టించుకోవచ్చా? ఫ్లాట్‌లో ఎండబెట్టడానికి బాల్కనీ తప్ప ఏమీ లేదు.

హనుమకొండ కిరాణం

పట్టించుకోవచ్చు. ఇప్పుడే సమయం, మా ఎనుమాముల మార్కెట్ అంతా ఎర్రగా ఉంది. ఒక్క రకమే పట్టించొద్దు. కారానికి తేజ, రంగుకు బ్యాడిగి. మూడు వంతులు తేజకు ఒక వంతు బ్యాడిగి కలిపితే పిల్లలున్న ఇంటికి కాస్త ఘాటే, సగం సగం వేసుకోండి. కొనేటప్పుడు పిడికిట్లోకి తీసుకుని నొక్కండి. గలగలమంటే ఎండినట్టు. మెత్తగా అంటుకుంటే తేమ ఉంది, తూకంలో నీళ్ళు కొంటున్నట్టే. గింజ తెల్లగా కాకుండా పసుపుపచ్చగా ఉండాలి.

మిర్యాలగూడ ఆడబిడ్డ

బాల్కనీ చాలు. మీ అవసరానికి ఏడు కిలోల పైన కాయ అయితది. రెండు కిలోల చొప్పున పాత చీర మీద పరిచి రెండు ఎండలు కొట్టనియ్యి, పైన ఇంకో పల్చటి చీర కప్పు, లేకుంటే దుమ్ము. తొడిమలు ఎండకు పెట్టకముందు తియ్యకు, ఎండినంక తుంచితే టపటప వస్తయ్. పిల్లలను దగ్గరికి రానియ్యకు, ఆ చేతులతోని కండ్లు నలుపుకుంటరు.

గిర్నికి పొద్దుగాల పో. మధ్యాహ్నం పోతే అప్పటికే ఎవలదో ధనియాలు, ఎవలదో పసుపు పట్టి ఉంటడు, అదంత నీ కారంల కలుస్తది. ఇంకెవరన్నా మిరపకాయ పట్టించుకున్నంక నీది పోయమను. పట్టేటప్పుడు అక్కడ్నే నిలబడు, తుమ్ములొస్తయ్, ముక్కుకు కొంగు కట్టుకో. ఇంటికి తెచ్చినంక వేడి మీదనే డబ్బాల పెట్టొద్దు, చెమట పట్టి ఉండలు కడ్తది. పెద్ద తాంబాళంల పరిచి, పూర్తిగ చల్లారినంక కిలోకు పిడికెడు ఉప్పు కలిపి గాజు సీసాలల్ల నింపు. వాడుకునే సీసా ఒకటి బయట, మిగతావి ఫ్రిజ్‌ల.